ఒరెగాన్ గవర్నర్ టామ్ మెక్‌కాల్ పర్యావరణానికి ఏం చేశారు: తరచుగా అడిగే ప్రశ్నలు

పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల, ముఖ్యంగా హిల్స్‌బరో, బీవర్టన్ వైపు ఉద్యోగాలకి వచ్చే మనవాళ్ళు అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు. కూల్‌డ్రింక్ సీసాకి అదనంగా పది సెంట్లు ఎందుకు పడుతోంది, సముద్రం దగ్గర ఎంత దూరం నడిచినా ఎవరూ ఆపరేంటి, ఊరి చివర ఇళ్ళు అలా ఒక్కసారిగా ఎందుకు ఆగిపోతాయి. ఈ మూడింటి వెనకా ఒకే గవర్నర్ హయాం ఉంది. ఆయన మీద ఇక్కడ పొగడ్తలు చాలా ఉన్నాయి, అందులో కొంత ఆయనకి చెందాల్సింది కాదు కూడా. నా దృష్టిలో మెక్‌కాల్ గొప్పతనం చట్టాలు కనిపెట్టడంలో లేదు. వేరేవాళ్ళు తెచ్చి నెగ్గించుకోలేక అవస్థపడుతున్న వాటికి తన పదవి బలమంతా తోడివ్వడంలో ఉంది. ఏ ప్రశ్న కావాలంటే దానికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## ముందుగా, మనిషి గురించి

ఈ టామ్ మెక్‌కాల్ ఎవరండీ? గవర్నర్ అంటే మన గవర్నర్ లాంటివారేనా?

కాదు. మన దగ్గర గవర్నర్‌ని రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో జనం ఓట్లేసి ఎన్నుకుంటారు, చేసే పనిని బట్టి చూస్తే మన ముఖ్యమంత్రికి దగ్గర. మెక్‌కాల్ రిపబ్లికన్ పార్టీ మనిషి. 1966 ఎన్నికల్లో డెమోక్రాట్ బాబ్ స్ట్రాబ్‌ని ఓడించి 1967 జనవరిలో పదవిలోకి వచ్చారు, 1970లో మళ్ళీ అదే స్ట్రాబ్‌ని ఓడించి 1975 జనవరి దాకా ఉన్నారు. అక్కడ వరసగా రెండు విడతలకి మించి కుదరదు. పుట్టింది 1913లో, మసాచుసెట్స్‌లో. తాతగారు శామ్యూల్ మెక్‌కాల్ ఆ రాష్ట్రానికి గవర్నర్‌గా చేశారు. మనవడు మాత్రం పెరిగింది మధ్య ఒరెగాన్‌లో, ప్రైన్‌విల్ దగ్గర క్రుకెడ్ నది పక్కన ఉన్న రాంచ్‌లో.

రాజకీయాల్లోకి రాకముందు ఏం చేసేవారు?

విలేకరి. యూనివర్సిటీ ఆఫ్ ఒరెగాన్‌లో జర్నలిజం చదివి, పేపర్లలో పనిచేసి, తర్వాత రేడియో, టీవీ. 1962లో పోర్ట్‌లాండ్ కేజీడబ్ల్యూ ఛానెల్‌లో రాష్ట్రంలోని గాలి, నీటి కాలుష్యం మీద ఆయన చేసిన డాక్యుమెంటరీ వచ్చింది. కాగితపు మిల్లుల నుంచి నదిలోకి ఏం వస్తోందో, పొగగొట్టాల నుంచి ఏం వస్తోందో జనం తమ ఇంట్లో కూర్చుని చూశారు. పదవిలోకి వచ్చాక ఆయన చేసిన చాలా పనుల్లో ఆ విలేకరి కనపడతాడు. విషయం ఫైల్లో ఉంటే కదలదని, కెమెరా ముందుకి తెస్తేనే కదులుతుందని ఆయనకి బాగా తెలుసు.

రిపబ్లికన్ అయ్యుండి పర్యావరణం అంటే అంత పట్టుదల ఏంటి?

ఇప్పటి అమెరికా రాజకీయాలు చూసి అడిగే ప్రశ్న ఇది. అప్పట్లో పర్యావరణం ఒక పార్టీ సొత్తు కాదు. పక్క రాష్ట్రం వాషింగ్టన్‌లో గవర్నర్ డాన్ ఎవాన్స్ కూడా రిపబ్లికనే, ఆయనా ఇదే దారి. కేంద్రంలో పర్యావరణ సంస్థ ఈపీఏ పుట్టింది 1970లో, నిక్సన్ హయాంలో. ఒరెగాన్‌లో అయితే 1966 ఎన్నికల్లో ఇద్దరు అభ్యర్థులూ నదిని ఎవరు బాగా కాపాడతారన్న దాని మీదే పోటీ పడ్డారు. విలామెట్ నది పొడవునా గట్టును జనానికి అందుబాటులో పచ్చగా ఉంచాలన్న 'గ్రీన్‌వే' ఆలోచన స్ట్రాబ్ ముందుకు తెచ్చారు, గెలిచాక మెక్‌కాల్ దాన్ని తీసుకుని నడిపించారు. ప్రత్యర్థి ఆలోచన అని పక్కన పడేయలేదు, అది నాకు బాగా నచ్చిన విషయం.

## మొదటి విడత: 1967 నుంచి

బీచ్ బిల్ అంటే ఏంటి? అసలు ఆ గొడవ ఎలా మొదలైంది?

1913లో అప్పటి గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ ఒరెగాన్ సముద్రతీరాన్ని పబ్లిక్ రోడ్డుగా ప్రకటింపజేశారు. అయితే అది తడి ఇసుకకి, అంటే పోటు నీళ్ళు తాకే చోటు వరకే. పైన ఉండే పొడి ఇసుక ఎవరిదో ఎవరూ పట్టించుకోలేదు, జనం మాత్రం తరతరాలుగా అక్కడే కూర్చుంటున్నారు, పిల్లలు ఆడుకుంటున్నారు. 1966లో కానన్ బీచ్‌లో ఒక మోటెల్ తన ముందున్న పొడి ఇసుకకి అడ్డుకట్ట వేసి, మా దగ్గర దిగినవాళ్ళకే అంది. అక్కడ మొదలైంది.

1967 శాసనసభలో, పొడి ఇసుక మీద కూడా జనానికి హక్కుందని చెప్పే బిల్లు వచ్చింది. తీరంలో స్థలాలున్నవాళ్ళు గట్టిగా ఎదిరించారు, బిల్లు కమిటీలో ఇరుక్కుపోయింది. మెక్‌కాల్ మే 13న హెలికాప్టర్లలో సర్వేయర్లని, శాస్త్రవేత్తలని వెంటబెట్టుకుని, పేపరోళ్ళు టీవీవాళ్ళు చూస్తుండగా నేరుగా కానన్ బీచ్ ఇసుకలో దిగారు. సర్వేయర్లు ఇసుకలో కర్రలు పాతి, గీత ఏ ఎత్తున గీస్తే ఎంత బీచ్ జనానికి మిగులుతుందో, ఎంత పోతుందో అక్కడికక్కడే చూపించారు. కమిటీ గదిలో అడుగుల లెక్కలు వింటే ఎవరికీ అర్థం కాదు, కర్ర ఇటు పక్క మనది అటు పక్క మనది కాదు అని చూపిస్తే పిల్లాడికి కూడా అర్థమవుతుంది. చివరికి సముద్రమట్టానికి 16 అడుగుల ఎత్తు, అంటే సుమారుగా మొక్కలు మొదలయ్యే చోటు, హద్దుగా వచ్చింది. జూలై 6న సంతకం పెట్టారు.

ప్రైవేట్ భూమి కదా, కోర్టులో నిలబడిందా?

నిలబడింది. 1969లో ఒరెగాన్ సుప్రీంకోర్టు జనం వైపే తీర్పిచ్చింది. అందులో వాడిన వాదన ఆసక్తిగా ఉంటుంది: ఆ ఇసుకని జనం ఎన్నో ఏళ్ళుగా, ఎవరి అడ్డూ లేకుండా వాడుకుంటున్నారు కాబట్టి ఆచారం ప్రకారమే వాళ్ళకి హక్కు ఏర్పడిందన్నారు. భూమి పట్టా మోటెల్‌దే, దాన్ని లాక్కోలేదు. కానీ కంచె కట్టి జనాన్ని ఆపడానికి లేదు. అందుకే ఇవాళ సుమారు 360 మైళ్ళ ఒరెగాన్ తీరంలో ఎక్కడ దిగినా ఇసుక మీద నడుచుకుంటూ పోవచ్చు. కాలిఫోర్నియాలో బీచ్‌కి దారి కోసం వెతుక్కున్నవాళ్ళకి ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

విలామెట్ నదిని ఆయనే బాగు చేశారంటారు, నిజమేనా?

చాలావరకు నిజం, పూర్తిగా కాదు. యూజీన్ వైపు నుంచి ఉత్తరానికి పారి, పోర్ట్‌లాండ్ మధ్యగా వెళ్ళి కొలంబియాలో కలిసే నది ఇది. ఊళ్ళ మురుగంతా, కాగితపు మిల్లుల వ్యర్థమంతా ఇందులోకే వచ్చేది. వేసవి చివర్లో నీళ్ళు తగ్గినప్పుడు పోర్ట్‌లాండ్ రేవు దగ్గర నీటిలో ప్రాణవాయువు దాదాపు అడుగంటేది, సాల్మన్ చేప ఎదురెక్కడానికి వీలుండేది కాదు.

మెక్‌కాల్ కంటే ముందే పని మొదలైంది. 1938లో జనమే ఓటేసి శానిటరీ అథారిటీ అనే సంస్థని తెచ్చుకున్నారు, దాని ఒత్తిడితో ఊళ్ళు ఒక్కొక్కటే మురుగుశుద్ధి ప్లాంట్లు కట్టుకుంటూ వచ్చాయి. పైన కట్టిన ఫెడరల్ డ్యాములు వేసవిలో నీళ్ళు వదలడం కూడా బాగా కలిసొచ్చింది. మెక్‌కాల్ చేసింది ఏంటంటే, 1967లో ఆ అథారిటీ ఛైర్మన్ పోయినప్పుడు కొంతకాలం ఆ కుర్చీలో తానే కూర్చున్నారు. గవర్నరే వచ్చి కూర్చుంటే మిల్లు యాజమాన్యాలకి టెన్షన్ పెరగదా మరి. అదే ఏడు కాలుష్య చట్టాలు గట్టిపడ్డాయి, వ్యర్థాలు వదలాలంటే పర్మిట్ తప్పనిసరి అయింది. 1969లో అథారిటీ స్థానంలో పర్యావరణ శాఖ డీఈక్యూ వచ్చింది. 1972 కల్లా నది ఎంత మారిందంటే, ఒక జాతీయ పత్రిక ముఖచిత్ర కథనంగా వేసింది.

అయితే ఇప్పుడు విలామెట్ పూర్తిగా శుభ్రమేనా?

లేదు. ఆ రోజుల్లో కళ్ళకి కనపడే, ముక్కుకి తగిలే కాలుష్యం మీదే దృష్టంతా ఉండేది. అడుగు బురదలో దశాబ్దాలుగా పేరుకున్న రసాయనాల సంగతి తర్వాత బయటపడింది. 2000లో పోర్ట్‌లాండ్ రేవు ప్రాంతాన్ని ఫెడరల్ ప్రభుత్వం సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే బాగా విషపూరితమైన స్థలాల జాబితాలో చేర్చింది. వాన పడితే మురుగు పొంగి నదిలోకి పోయే సమస్యకి పోర్ట్‌లాండ్ నగరం వేసిన పెద్ద పైపుల పని 2011లో గానీ పూర్తికాలేదు. వేసవిలో ఇప్పుడు జనం ఈత కొడుతున్నారు, అది నిజమే. రేవు దగ్గర పట్టిన అక్కడే ఉండే చేపలు తినొద్దని హెచ్చరికలున్నాయి, అదీ నిజమే.

ఆయన పర్యావరణానికి వ్యతిరేకంగా ఎప్పుడైనా నిలబడ్డారా?

నిలబడ్డారు. పసిఫిక్ సిటీ దగ్గర నెస్టుక్కా అనే సన్నటి ఇసుక మేట ఉంది. హైవే 101ని దాని మీదుగా తీసుకెళ్ళాలని రాష్ట్ర హైవే కమిషన్ పట్టుబడితే మెక్‌కాల్ ఆ వైపే ఉన్నారు. ఎదిరించి జనాన్ని కూడగట్టింది అప్పటికి రాష్ట్ర ట్రెజరర్‌గా ఉన్న బాబ్ స్ట్రాబ్. ఆఖరికి ఆ రోడ్డు పడలేదు, ఇప్పుడక్కడున్న పార్కుకి స్ట్రాబ్ పేరే పెట్టారు. బీచ్‌లని కాపాడిన గవర్నర్ అని మెక్‌కాల్ గురించి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి.

విషవాయువు గొడవ ఒకటుంది కదా, అదేంటి?

జపాన్‌లోని ఒకినావాలో అమెరికా సైన్యం దాచిన నర్వ్ గ్యాస్‌ని ఓడల్లో తెచ్చి, రైళ్ళ మీద ఒరెగాన్ తూర్పున యుమటిల్లా డిపోకి చేర్చాలని సైన్యం నిర్ణయించింది. మెక్‌కాల్, పక్క రాష్ట్రం గవర్నర్ ఎవాన్స్ ఇద్దరూ అడ్డం తిరిగారు. 1970లో నిక్సన్ ప్రభుత్వం ఆ ప్రయత్నం విరమించుకుంది. అప్పటికే యుమటిల్లాలో ఉన్న రసాయన ఆయుధాలు మాత్రం తర్వాత చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాయి.

## రెండో విడత: 1971 నుంచి 1975 దాకా

బాటిల్ బిల్ మెక్‌కాల్ ఆలోచనేనా?

కాదు. సీసాకీ డబ్బాకీ డిపాజిట్ కట్టించుకుని, ఖాళీది తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కిచ్చే ఈ చట్టంలో అసలు పేరు చెప్పుకోవాల్సింది రిచర్డ్ ఛేంబర్స్ అనే ఆయనది. లాగింగ్ పరికరాలు అమ్ముకునే సేల్స్‌మన్, కొండలూ తీరాలూ తిరగడం ఇష్టం, ఎక్కడ చూసినా ఖాళీ సీసాలూ డబ్బాలూ కనపడి కడుపు మండింది. శాసనసభ్యుడు పాల్ హానెమన్‌ని పట్టుకుని 1969లో బిల్లు పెట్టించారు, అది ఓడిపోయింది. ఆ ఏడు మెక్‌కాల్ అండగా నిలవలేదు, దానికి బదులు చెత్త ఏరే స్వచ్ఛంద ఉద్యమంగా 'సాల్వ్' అనే సంస్థని మొదలుపెట్టించారు. జనాన్ని బతిమాలితే చాలదని, డబ్బు ముడిపెట్టాలని 1971 నాటికి ఒప్పుకుని గట్టిగా దిగారు. బీరు, కూల్‌డ్రింక్, డబ్బాల కంపెనీలు శక్తి కొద్దీ అడ్డుపడ్డా బిల్లు నెగ్గింది. 1972 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, అమెరికాలో ఇదే మొదటిది.

ఐదు సెంట్ల డిపాజిట్‌తో నిజంగా ఏమైనా మారిందా?

మారింది. రోడ్ల పక్క చెత్తలో సీసాలూ డబ్బాల వాటా చట్టానికి ముందు సుమారు 40 శాతం ఉండేది, 1979 నాటికి 6 శాతానికి పడిపోయిందని రాష్ట్ర లెక్కలు. ఇంకో చిన్న విషయం ఎవరూ గుర్తుపెట్టుకోరు. అప్పటి డబ్బాల మూతకి లాగితే పూర్తిగా ఊడొచ్చే రింగు ఉండేది, అది ఇసుకలో పడి పిల్లల కాళ్ళు కోసుకునేవి. ఆ రకం డబ్బాలని కూడా ఇదే చట్టం నిషేధించింది.

అయితే ఐదు సెంట్లు ఏళ్ళు గడిచేకొద్దీ విలువ లేకుండా పోయాయి, జనం తిరిగివ్వడం తగ్గించారు. 2017 ఏప్రిల్ 1న డిపాజిట్‌ని పది సెంట్లు చేశాక మళ్ళీ పెరిగింది. దీన్ని బట్టి నాకనిపించేది, 1971లోనే ఆ మొత్తాన్ని ధరలతో పాటు పెరిగేలా రాసుంటే మధ్యలో అన్నేళ్ళు నష్టపోయేవాళ్ళం కాదు.

భూమి చట్టం, అదే సెనేట్ బిల్ 100, దాని గురించి కాస్త సులువుగా చెప్పండి.

నన్నడిగితే ఆయన హయాంలో వచ్చినవాటిలో పెద్దది ఇదే. విలామెట్ లోయ అంటే హేజల్‌నట్ తోటలు, గడ్డి విత్తనాలు, బెర్రీలు, మంచి నల్లరేగడి లాంటి సారవంతమైన నేల. 60ల్లో దాని మీద ఇష్టమొచ్చినట్టు ఇళ్ళ వెంచర్లు పడటం మొదలైంది. లిన్ కౌంటీలో పాడి రైతు హెక్టర్ మెక్‌ఫర్సన్‌కి తన చుట్టూ పొలాలు ముక్కలైపోవడం కనపడింది, రైతుగా బతకలేమని భయపడి శాసనసభకి పోటీ చేసి గెలిచారు. ఆయన రిపబ్లికన్. పోర్ట్‌లాండ్ డెమోక్రాట్ సెనేటర్ టెడ్ హాలక్, కార్మిక నాయకుడిగా ఎదిగిన ఎల్.బి. డే కలిసి బిల్లుని ఒడ్డెక్కించారు. 1973 జనవరిలో శాసనసభ మొదలైన రోజున మెక్‌కాల్ భూమిని పాడుచేస్తున్న స్పెక్యులేటర్ల మీద చేసిన ప్రసంగాన్ని ఇక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మే 29న సంతకమైంది.

ఇది పనిచేసే తీరు ఇదీ: ప్రతి ఊరూ, ప్రతి కౌంటీ తమ భూమికి ప్లాన్ రాసుకోవాలి, ఆ ప్లాన్ రాష్ట్రం పెట్టిన లక్ష్యాలకి సరిపోవాలి. చూడటానికి ఎల్‌సీడీసీ అనే కమిషన్ ఏర్పడింది. లక్ష్యాలు చివరికి 19 అయ్యాయి, పంటభూములు, అడవులు, తీరం అన్నీ అందులో వస్తాయి. ప్రతి ఊరూ తన చుట్టూ ఒక గీత గీసుకోవాలి, దాన్నే అర్బన్ గ్రోత్ బౌండరీ అంటారు. గీత లోపల ఊరు పెరగొచ్చు, బయట పొలం పొలంగానే ఉండాలి. గీత రాయి మీద చెక్కింది కాదు, అవసరమైతే కారణాలు చూపించి జరపొచ్చు. రియల్ ఎస్టేట్ చూసి చూసి అలసిపోయిన మన కళ్ళకి, హిల్స్‌బరో దాటి హెల్వేషియా వైపు వెళ్తే ఒక్కసారిగా ఇళ్ళు ఆగిపోయి పొలాలు మొదలవడం వింతగా అనిపిస్తుంది. కారణం ఆ గీతే.

"చూడ్డానికి రండి, ఉండిపోవద్దు" అన్నారట, బయటివాళ్ళంటే అంత పడదా?

1971లో సీబీఎస్ టీవీ ఇంటర్వ్యూలో మళ్ళీ మళ్ళీ రండి గానీ ఇక్కడ కాపురం పెట్టడానికి మాత్రం రావద్దు అన్న మాట నిజమే. దేశమంతా పాకింది, జనం ఇంకా ఎక్కువ వచ్చారంటారు. ఆయన కోపం మనుషుల మీద కంటే ప్లాన్ లేకుండా పెరిగే ఊళ్ళ మీద. అయినా బయటినుంచి వచ్చి స్థిరపడిన మనలాంటివాళ్ళకి ఆ మాట గుచ్చుకోవడం సహజం. ఆయన కూడా మసాచుసెట్స్‌లో పుట్టినవారే. మాటని పక్కనపెట్టి చట్టాన్ని చూస్తే, అందులో ఎవరు రావచ్చు ఎవరు రాకూడదన్నది లేదు, వచ్చినవాళ్ళు ఎక్కడ ఉండాలన్నదే ఉంది.

పరిశ్రమలకి నష్టం, ఉద్యోగాలు పోయాయి అని గొడవ చేయలేదా?

చేశారు. అప్పట్లో ఒరెగాన్ అంటేనే కలప, కాగితం. మెక్‌కాల్ ప్రభుత్వం పర్మిట్లతో ఒక పక్క బిగిస్తూనే, కాలుష్యం తగ్గించే యంత్రాలు పెట్టుకున్న కంపెనీలకి 1967 నుంచే పన్ను రాయితీ ఇచ్చింది. ఇందులో జనం డబ్బు మిల్లులకి పోయిందని విమర్శ ఉంది, అది కొట్టిపారేయాల్సింది కాదు. కానీ అది లేకుండా అంత త్వరగా మిల్లులు దారికొచ్చేవని నేను అనుకోను.

అడవుల విషయంలో ఏం చేశారు?

ఇక్కడ రికార్డు బలహీనం. 1971లో వచ్చిన ఫారెస్ట్ ప్రాక్టీసెస్ చట్టం దేశంలో అలాంటివాటిలో మొదటిది, కొట్టిన చోట మళ్ళీ నాటాలని చెప్పింది. కొట్టడాన్ని పెద్దగా ఆపలేదు. పాతకాలపు మహావృక్షాల అడవుల కోసం అసలు పోరాటం 80ల చివర్లో, ఆ అడవుల్లో బతికే చుక్కల గుడ్లగూబని కాపాడాలన్న కేసులతో వచ్చింది.

1973 పెట్రోల్ కొరతప్పుడు సరి-బేసి పద్ధతి పెట్టింది ఈయనేనా?

అవును. 1974 జనవరిలో కారు నంబరు చివరి అంకె బేసి అయితే బేసి తేదీల్లో, సరి అయితే సరి తేదీల్లో పెట్రోల్ పోయించుకోవాలన్నారు, తర్వాత వేరే రాష్ట్రాలు కాపీ కొట్టాయి. అంతకు ముందు 1973లో వానలు లేక జలవిద్యుత్తు తగ్గితే బయట వెలిగే వ్యాపార ప్రకటనల దీపాలు ఆర్పించారు.

## పదవి దిగాక

చట్టాలని తర్వాత ఎవరూ రద్దు చేయాలని చూడలేదా?

చూశారు, భూమి చట్టం మీదే ఎక్కువగా. 1976, 1978, 1982లో మూడుసార్లు జనం ఓటుకి వచ్చింది, మూడుసార్లూ చట్టమే గెలిచింది. మెక్‌కాల్ 1978లో మళ్ళీ గవర్నర్ పదవికి ప్రయత్నించి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే విక్టర్ అతియే చేతిలో ఓడిపోయారు. 1982 నాటికి క్యాన్సర్ ముదిరిపోయింది, తనకి ఎక్కువ రోజులు లేవని తెలిసి కూడా చట్టం కోసం ఊరూరా మాట్లాడారు. నవంబరులో చట్టం నిలబడింది, 1983 జనవరి 8న ఆయన పోయారు.

ఆ తర్వాత 2004లో మెజర్ 37 అనే ప్రతిపాదన జనం ఓటుతో నెగ్గి, నిబంధనల వల్ల భూమి విలువ తగ్గితే పరిహారం ఇవ్వాలి, లేదా నిబంధన వదిలేయాలి అంది. 2007లో మెజర్ 49తో జనమే దాన్ని చాలావరకు వెనక్కి తగ్గించారు. పదవి దిగాక కూడా చట్టానికి కాపలా కాయడానికి 1975లో '1000 ఫ్రెండ్స్ ఆఫ్ ఒరెగాన్' అనే సంస్థ మొదలైంది, హెన్రీ రిచ్‌మండ్‌తో కలిసి మెక్‌కాల్ దాని వెనక ఉన్నారు. కేసులు వేసీ వేసీ చట్టాన్ని బతికించింది వాళ్ళే.

ఊరి చుట్టూ గీసిన ఈ గీత వల్లే కదా పోర్ట్‌లాండ్‌లో ఇళ్ళ రేట్లు ఇలా ఉన్నాయి?

ఇల్లు కొనడానికి తిరుగుతున్న ప్రతివాళ్ళూ అడుగుతారు. గీత ప్రభావం బొత్తిగా లేదంటే అబద్ధం, భూమి పరిమితమైతే రేటు మీద పడుతుంది. కానీ ఏ గీతా లేని ఊళ్ళలో కూడా రేట్లు ఆకాశాన్నంటాయి. ఇక్కడ జరిగిన పెద్ద పొరపాటు ఇంకోటి అని నా అభిప్రాయం: బయటికి పెరగొద్దన్నారు, లోపల మాత్రం చాలా చోట్ల స్థలానికి ఒక్క ఇల్లే కట్టాలన్న రూలు ఉంచేశారు. 2019లో హౌస్ బిల్ 2001 వచ్చి పెద్ద ఊళ్ళలో డూప్లెక్స్‌లు, నాలుగిళ్ళ కట్టడాల వరకు అనుమతించింది. 70ల్లోనే చేయాల్సిన సగం పని అది.

## ఇక్కడ ఉన్నవాళ్ళకి, చూడ్డానికి వచ్చేవాళ్ళకి

మన సీఆర్‌జెడ్ లాంటిదే కదా బీచ్ బిల్?

పోలిక ఉంది, పని వేరు. మన సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాల మీద ఆంక్షలు, 1991లో కేంద్రం మొదటిసారి ఇచ్చిన నోటిఫికేషన్‌తో వచ్చింది, పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఏం కట్టొచ్చు, ఏం కట్టకూడదు అన్నది దాని లెక్క. ఒరెగాన్ బీచ్ బిల్ ముఖ్యంగా నడిచే హక్కు గురించి, ఇసుక మీద జనాన్ని ఎవరూ ఆపకూడదన్నది.

సీసాల డబ్బులు వెనక్కి ఎలా తీసుకోవాలి?

డబ్బాలు నలపకండి, మెషిన్ బార్‌కోడ్ చదవలేకపోతే తీసుకోదు. ఖాళీ సీసాలు తీసుకునే బాటిల్‌డ్రాప్ సెంటర్‌లో మెషిన్‌లో ఒక్కొక్కటి వేస్తే లెక్కేసి స్లిప్ ఇస్తుంది, లేదా అకౌంట్ తీసుకుని ఆకుపచ్చ సంచిలో అన్నీ వేసి పడేసి రావచ్చు. కిరాణా షాపులు కూడా కొన్ని తీసుకుంటాయి. పాల డబ్బాలకి, విస్కీ లాంటి వాటికి డిపాజిట్ లేదు.

ఆయన గుర్తుగా ఏవైనా చూడదగ్గవి ఉన్నాయా?

పోర్ట్‌లాండ్ డౌన్‌టౌన్‌లో వసంతంలో చెర్రీ పూల కోసం అందరూ వెళ్ళే నది ఒడ్డు పార్కు పేరే టామ్ మెక్‌కాల్ వాటర్‌ఫ్రంట్ పార్క్. అక్కడ ఒకప్పుడు హార్బర్ డ్రైవ్ అనే పెద్ద రోడ్డుండేది. దాన్ని ఏం చేయాలో చూడమని ఆయన కమిటీ వేశారు, 1974లో రోడ్డు మూసేసి తవ్వేసి పార్కు చేశారు. ఇంకోటి కొలంబియా గార్జ్‌లో రోవెనా దగ్గర ఆయన పేరు మీదున్న కొండచరియ, ఏప్రిల్, మే నెలల్లో పసుపు పూలతో నిండిపోతుంది. దారి దాటి గడ్డిలోకి అడుగుపెట్టొద్దు, పాయిజన్ ఓక్ అనే మొక్క ఉంటుంది, తగిలితే ఒళ్ళంతా దద్దుర్లే.